పెద్దది ఆలస్యంగా పుట్టింది కాబట్టి...

ఇవాళ తొమ్మిదో తారీఖు. ప్రతి నెలా ఈ రోజున గర్భిణులందరికీ చెకప్ ఉంటుంది కాబట్టి ఎండ ముదరకముందే ఆశా అక్క వచ్చి, కార్డు పట్టుకున్నావా, నీళ్ల సీసా పట్టుకున్నావా అంటూ నన్ను బయల్దేరదీసింది. మే నెలలో నిండు పొట్టతో ఆటోలో కూర్చోవడం గురించి నేను వేరేగా రాయక్కర్లేదు, అనుభవించినవాళ్లకి తెలుసు, మిగతావాళ్లు అదృష్టవంతులు.

బెంచీ మీద కూర్చున్న దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న. డేటు ఎప్పుడు? చెప్పగానే రెండోది, మరి పెద్దది డేటుకే పుట్టిందా? లేదండీ, డేటు దాటి వారం పైనే అయింది, చివరికి నొప్పులకి మందు పెట్టారు అంటే, అయితే ఇదీ అంతేలే, నీకింకా బోలెడు టైముంది అని ఒకావిడ. ఆ పక్కావిడ వెంటనే, అబ్బే, రెండోది ఎప్పుడూ పదిహేను రోజులు ముందే, మా చెల్లికి అలాగే అయింది అని. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. ఆడపిల్లయితే ఒక లెక్క, మగపిల్లాడయితే ఒక లెక్క, పౌర్ణమి ఎప్పుడో చూసుకో అని మూడో ఆవిడ కలిసింది. మగా ఆడా అనే లెక్క మొదలెట్టగానే నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఆ ఎండలో పోట్లాడే ఓపిక లేక ఊరుకున్నాను.

లోపల డాక్టరమ్మని అదే అడిగాను. ఈ డేటు అనేది చివరి నెలసరి మొదటి రోజుకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి వేసిన లెక్క, మొత్తం 280 రోజులు, సరిగ్గా ఆ రోజే కనేవాళ్లు నూటికి నలుగురో అయిదుగురో ఉంటారు అంది. 37 వారాలు నిండాక ఎప్పుడొచ్చినా నెలలు నిండిన బిడ్డే. సగటున చూస్తే తొలి కాన్పు కంటే మలి కాన్పు కొంచెం ముందు వస్తుందన్నది నిజమేనట, కానీ ఆ తేడా ఒకటి రెండు రోజులే, పదిహేను రోజులు కాదు. పైగా మొదటిది డేటు దాటినవాళ్లకి రెండోది కూడా దాటే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువట. అంటే బెంచీ మీద ఇద్దరిదీ తలా కొంచెం కరెక్టే, నాకు మాత్రం ఏమీ తేలలేదు.

తర్వాత పొట్ట చూస్తూ, కింద రెండు వైపులా వేళ్లు పెట్టి మెల్లగా కదిపింది. బిడ్డ తల ఆ వేళ్ల మధ్య అటూ ఇటూ ఊగుతున్నట్టు నాకే తెలిసింది. తల కిందికే ఉంది గానీ ఇంకా దిగలేదు అనగానే ఆశా అక్క మొహం మారిపోయింది, ఎందుకంటే పెద్దదానికి ఈపాటికి తల దిగిపోయి నేను కాళ్లు ఎడంగా వేసి నడుస్తుండేదాన్నని ఆవిడకి నేనే ఎప్పుడో చెప్పాను. డాక్టరమ్మ నవ్వి, తొలి చూలులో అయితే తల ముందే దిగుతుంది, రెండోదానికి నొప్పులు మొదలయ్యాక దిగినా దిగచ్చు, తల పైనుంది కదా అని ధీమాగా కూర్చోకు అంది.

అసలు విషయం ఆ తర్వాత చెప్పింది. మొదటిసారి గర్భాశయం ముఖం ముందు మెత్తబడి పలచబడి, ఆ తర్వాత నిదానంగా తెరుచుకుంటుంది. రెండోసారి ఆ రెండూ కలిసే నడుస్తాయి, దారి ఒకసారి సాగి ఉంది కాబట్టి బిడ్డ దిగడం కూడా తొందరే. అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి పూర్తిగా తెరుచుకునేదాకా తొలి కాన్పుకి మామూలుగా 12 గంటలు దాటదని, తర్వాతి కాన్పులకి 10 దాటదని, ముక్కే దశ తొలి కాన్పుకి 3 గంటల లోపు, తర్వాతివాటికి 2 గంటల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిందట. అవి పై హద్దులు, చాలామందికి అంతకంటే చాలా ముందే అయిపోతుంది అంది. పెద్దదానికి నేను ఒక పగలూ ఒక రాత్రీ పడ్డాను. ఆ లెక్క బుర్రలో పెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దని ఆవిడ గొడవ. నొప్పులు పది నిమిషాలకోసారి వరసగా వస్తుంటే బయల్దేరిపో, నీరు పోయినా రక్తం కనిపించినా నొప్పుల కోసం చూడకు అని కార్డు మీద రాసి మరీ ఇచ్చింది.

సాయంత్రాలు పొట్ట రాయిలా బిగుసుకుని వదిలేస్తోంది, మొదటిసారి ఇంతగా తెలియలేదు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంది కాబట్టి అవి దొంగనొప్పులే. ఏ పూట నిజంవి వస్తాయో!

ఇంటికొచ్చి చెప్తే మా అత్త, ఆ డాక్టరమ్మ ఇప్పుడు సెప్పింది గానీ నాను ఎప్పుడో సెప్పలేదేటి అంది. మా మరిది పుట్టినప్పుడు ఊడుపుల రోజులట. మడిలో ఉండగా నడుం లాగితే గట్టెక్కి ఇంటికొచ్చిందట. మంత్రసానికి కబురెళ్లింది, పొయ్యి మీద నీళ్ల డేగిసా పెట్టారు. "నీళ్లు కాగనేదు, మంత్రసాని రానేదు, గుంటడు వొచ్చీసేడు." మా ఆయనకి మాత్రం రెండు రోజులు పడిందట. ఈ కథ పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను, ఇవాళే మొదటిసారి చెవిన పడినట్టుంది.

పెద్దది పుట్టింట్లో, విజయనగరంలో పుట్టింది, గుమ్మం దిగితే ఆసుపత్రి. ఇది అత్తవారింట్లో. నరసన్నపేట నుంచి ఇంకా లోపలికి రావాలి మా ఊరికి, అక్కడి నుంచి శ్రీకాకుళం ఇరవై కిలోమీటర్ల పైనే. 108 ఉంది గానీ అది వేరే కేసు మీద వెళ్తే ఎలా అని మా వీధి ఆటో బాబునీ అడిగి పెట్టాం. శ్రీకాకుళం అని ఫిక్సయిపోకుండా, నొప్పులు తరుముతుంటే మడపం దాకా వెళ్లి వంశధార బ్రిడ్జి మీద టెన్షన్ పడకుండా నరసన్నపేట సర్కారు ఆసుపత్రిలోనే దిగిపోదామని నేనూ అత్తా తీర్మానం చేసుకున్నాం. సంచీ సర్దేశాను. పాత మెత్తటి చీరలు చింపి అత్త మడతలు పెట్టింది, పెద్దది వాటిలో ఒకటి లాక్కెళ్లి బొమ్మకి చుట్టేసింది.

మా ఆయన హైదరాబాద్ నుంచి ఫోన్. పెద్దది వారం లేటు కాబట్టి డేటు దాటాక సెలవు పెడితే వృథా పోదని ఆయన ప్లాను. ప్లాను బాగుంది, నేను ఒప్పుకోలేదు. లేటయితే ఇక్కడ కూర్చుని ముంజలు తిందువు గానీ, ముందొస్తే నువ్వు సికింద్రాబాద్‌లో రైలెక్కేలోపే ఇక్కడ పని అయిపోతుంది అన్నాను. మేనేజర్‌ని అడుగుతానన్నాడు. అడగడం కాదు, చెప్పు అన్నాను. శనివారం రైలుకి వస్తున్నాడు.

అమ్మ మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంది. నీకు తొందరగా రావే తల్లీ, నాకు తెలుసు కదా, ఆవకాయ పట్టేసి పై సోమవారం బస్సుకి వస్తాను అంటోంది. సరేనమ్మా, సోమవారం దాకా ఆగమని లోపలున్నవాళ్లకి నువ్వే చెప్పు అని ఫోను పొట్ట మీద పెట్టాను. నిజంగానే చెప్పింది.