బయటి రివర్బ్ యూనిట్, కంప్యూటర్, మధ్యలో నాలుగు కేబుళ్లు

రెండు ఇన్, రెండు అవుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి శబ్దాన్ని పంపి, తిరిగి బయటికి తెచ్చే పెట్టె) కొనుక్కుని, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో పాత ఎఫెక్ట్స్ యూనిట్ (గొంతుకి రివర్బ్, అంటే గది ప్రతిధ్వని లాంటివి కలిపే పెట్టె) తెచ్చుకుంటే ఆ రెండింటికీ పొత్తు కుదరదు. 1, 2 అవుట్‌పుట్లు స్పీకర్లకే సరి. యూనిట్‌కి పంపడానికి 3, 4 ఉండాలి, తిరిగి తెచ్చుకోవడానికి రెండు లైన్ ఇన్‌పుట్లు ఖాళీగా ఉండాలి. చెన్నై వడపళని, సాలిగ్రామంలో గది స్టూడియో నడిపేవాళ్లకు ఫోకస్‌రైట్ స్కార్లెట్ 4ఐ4 స్థాయి ఇంటర్‌ఫేస్ చాలు. టీఆర్ఎస్ (మూడు కాంటాక్టుల జాక్ ఉన్న) కేబుళ్లు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో జాక్‌లూ వైరూ విడిగా కొని టంకం పెట్టుకుంటే చౌక.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది లెవెల్ (సిగ్నల్ బలం) దగ్గర. స్టూడియో పరికరాల ప్రమాణం +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. ఇళ్లలో వాడే రకం -10 డీబీవీ, అంటే 0.316 వోల్టులు. తేడా దాదాపు 12 డెసిబెల్స్. యూనిట్ వెనక స్విచ్ ఉంటే ఇంటర్‌ఫేస్‌కి సరిపోయేలా పెట్టండి. లేకపోతే సెండ్ (యూనిట్‌కి పంపే సిగ్నల్) తగ్గించండి. పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటును తిప్పితిప్పి వాయించి, యూనిట్ మీటర్ ఎరుపుకి కాస్త కిందే ఆగేలా చూసుకోండి. మరీ తగ్గించినా నష్టమే. 1980ల నాటి డిజిటల్ యూనిట్లు చాలావరకు 16 బిట్లవో, అంతకు తక్కువవో కాబట్టి సిగ్నల్ చిన్నదైతే హిస్ (సన్నటి బుస శబ్దం) పైకి తేలుతుంది. 1985 నాటి యమహా ఎస్‌పీఎక్స్ 90 తన లోపల 31.25 కిలోహెర్ట్జ్ వేగంతో పనిచేస్తుంది. అందుకే దాని రివర్బ్ 12 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అది లోపం కాదు, దాన్ని కొనేదే ఆ మసక కోసం. దానికి ఇన్‌పుట్ ఒక్కటే, అవుట్‌పుట్లు రెండు. అంటే నాలుగిట్లో ఒక కేబుల్ ఆదా.

సాఫ్ట్‌వేర్ పని తేలిక. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ట్రాక్ తీసి రీఇన్సర్ట్ అనే ప్లగిన్ వేయండి. సెండ్ 3, 4 అవుట్‌పుట్లకు, రిటర్న్ మీరు కలిపిన ఇన్‌పుట్లకు. గొంతు ట్రాక్ నుంచి దీనికి సెండ్ ఇచ్చి, యూనిట్ మిక్స్‌ని 100 శాతం వెట్‌లో (అసలు గొంతు కలవకుండా ఎఫెక్ట్ మాత్రమే వచ్చేలా) పెట్టండి. క్యూబేస్‌లో ఆడియో కనెక్షన్స్‌లోని ఎక్స్‌టర్నల్ ఎఫ్ఎక్స్, లాజిక్‌లో ఐఓ ప్లగిన్, స్టూడియో వన్‌లో పైప్‌లైన్, ఏబుల్టన్‌లో ఎక్స్‌టర్నల్ ఆడియో ఎఫెక్ట్ చేసేదీ ఇదే. రిటర్న్ ఇన్‌పుట్లను ఇంటర్‌ఫేస్ సొంత మిక్సర్‌లో మ్యూట్ చేయడం మరిచిపోతే రివర్బ్ రెండుసార్లు వినిపిస్తుంది. రిటర్న్ ట్రాక్ నుంచి మళ్లీ అదే సెండ్‌కి దారి ఉంటే ఇక కూతే.

తర్వాత ఆలస్యం. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) అంటే ఒక వైపుకే 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ, కన్వర్టర్లూ కలిస్తే ఇంకా పెరుగుతుంది. రివర్బ్‌కి ఇది పెద్ద పట్టింపు కాదు, కాస్త ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) కలిసినట్టే. కంప్రెసర్‌ని (శబ్దంలో హెచ్చుతగ్గులు తగ్గించే యూనిట్‌ని) అసలు ట్రాక్‌తో కలిపి వాడేటప్పుడు మాత్రం కొంప మునుగుతుంది: ఒక్క మిల్లీసెకను తేడా ఉంటే 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర గుంటలు పడి గొంతు డొల్లగా వినిపిస్తుంది. రీఇన్సర్ట్‌లోని పింగ్ బటన్‌తో కొలిచి సరిచేసుకోండి, కానీ ఎఫెక్ట్‌ని బైపాస్‌లో (సిగ్నల్ మారకుండా దాటిపోయేలా) పెట్టాకే. వెట్‌లో ఉంచి కొలిస్తే రివర్బ్ ప్రీడిలే కూడా లెక్కలోకి వస్తుంది. స్పీకర్లు తగ్గించండి, పింగ్ పంపే టిక్కు శబ్దం గట్టిగా ఉంటుంది. బఫర్ మారిస్తే మళ్లీ కొలవాలి. సరిపోయిందా అని చూడడానికి బైపాస్‌లోనే డ్రమ్ లూప్‌ని యూనిట్ గుండా రికార్డు చేసి, దాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) అసలుతో కలిపి వినండి. లెవెల్ కూడా సమానం చేశాక దాదాపు ఏమీ వినిపించకూడదు.

గుమ్మని 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ఎర్త్ పిన్ను పీకేయకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, తగ్గకపోతే ఆడియో కేబుల్ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. లాప్‌టాప్ చార్జర్ తీసేయగానే కీచుశబ్దం పోతే దొంగ అదే. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్టుల యూనిట్‌కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. పాత అలెసిస్ మిడివెర్బ్ 2కి కావాల్సింది 9 వోల్టుల ఏసీ అడాప్టర్. గిటార్ పెడల్ అడాప్టర్ డీసీ ఇస్తుంది, పనికిరాదు.

గిటార్ పెడళ్లను లైన్ అవుట్‌కి నేరుగా తగిలించకండి. మధ్యలో రీయాంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ స్థాయికి తగ్గించే పెట్టె) ఉండాలి, లేకపోతే సిగ్నల్ ఎక్కువై బొంగురుపోతుంది. ఫజ్ పెడళ్లయితే వాటి స్వభావమే మారిపోతుంది.

ఎక్స్‌పోర్ట్ రియల్‌టైమ్‌లోనే చేయాలి. ఫాస్ట్ రెండర్‌లో బయటి యూనిట్ పలకదు. నన్నడిగితే అంతదాకా ఆగకుండా సెట్టింగ్ నచ్చిన రోజే వెట్‌ని వేరే ట్రాక్‌లో రికార్డు చేసేసి, రీఇన్సర్ట్‌ని ఆపేయడం మేలు. పాట అయిపోయాక రివర్బ్ తోక పూర్తిగా ఆరేదాకా రికార్డింగ్ ఆపకండి, ట్రాక్ పేరులోనే యూనిట్ ప్రోగ్రాం నంబరూ డికే (రివర్బ్ ఆరే సమయం) విలువా రాసిపెట్టండి.