డీఎస్సీ ఫిజికల్ సైన్స్: రెండు మూరల రాగి పైపు

2024 అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో టీచర్ నియామక పత్రం తీసుకున్నాను. అప్పటి నుంచీ "ఏ బుక్స్ చదివావన్నా" అని ఒకటే ఫోన్లు. బుక్స్ అందరివీ అవే. నేను చెప్పాలనుకున్నది ఒక రాగి పైపు గురించి.

2018 టీఆర్‌టీలో (అప్పటి టీచర్ నియామక పరీక్ష) నన్ను ముంచింది కంటెంటే. ఇనుము, నికెల్, కోబాల్ట్ ఫెర్రో (అయస్కాంతం గట్టిగా లాగేవి), అల్యూమినియం పారా (కొద్దిగా లాగేది), రాగి డయా (కొద్దిగా నెట్టేది) అని బట్టీ పట్టి వెళ్లాను. కాంతి ఒక చాప్టర్, ధ్వని ఒక చాప్టర్, అయస్కాంతం ఇంకో చాప్టర్. ఒకదానితో ఒకటి కలిపి అడిగితే చేతులెత్తేశాను.

ఈసారి దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్ తీసుకున్నా. ఒక మాక్ టెస్టులో రాగి గొట్టంలో జారవిడిచిన అయస్కాంతం త్వరణం ఎంత అని అడిగారు. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, గురుత్వ త్వరణానికి సమానం అని పెట్టాను. తప్పన్నారు. కీనే తప్పని సార్‌తో గొడవ కూడా పెట్టుకున్నా.

ఆ సాయంత్రం రూమ్ కింద ఏసీ రిపేర్ షాపు భాయ్‌ని అడిగి రెండు మూరల పైపు ముక్క తెచ్చుకున్నా. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బటన్ మాగ్నెట్లు నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చా. ముందు స్క్రూ వేస్తే ఠక్కున కింద పడింది. మాగ్నెట్ వేశా. రాలేదు. పైనుంచి తొంగి చూస్తే గోడకు అంటకుండా, పేరుకున్న నెయ్యిలో దిగుతున్నట్టు మెల్లగా జారుతోంది. "అటక్ గయా క్యా?" (ఇరుక్కుందా?) అన్నాడు భాయ్. అప్పుడు వెలిగింది. అంటుకోవడం వేరు, ఆపడం వేరు. మాగ్నెట్ కదిలేకొద్దీ అభివాహం (గోడ గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం) మారి, రాగి గోడలో ఎడ్డీ ప్రవాహాలు, అంటే సుడుల్లా తిరిగే కరెంట్లు పుడతాయి. లెంజ్ నియమం ప్రకారం అవి ఆ కదలికనే అడ్డుకుంటాయి.

ఆ ప్రవాహాలను నడిపే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లే కాంతి పడితే ఊగి దాన్ని వెనక్కి కొడతాయి. లోహపు మెరుపు అదే. బంగారం నీలం రంగును మింగేస్తుంది కాబట్టి పసుపు. ధ్వని దగ్గర మాత్రం ఈ లెక్క పనికిరాదు, అక్కడ స్థితిస్థాపకత, సాంద్రత రెండూ చూడాలి. "సాంద్రత ఎక్కువైతే వేగం ఎక్కువ" అని గైడ్లలో రాస్తారు, నమ్మకండి. సీసం ఇనుము కన్నా బరువు, అయినా అందులో ధ్వని వేగం ఇనుములో సగం కూడా ఉండదు.

మిగతావి క్లుప్తంగా: ఇనుము క్యూరీ ఉష్ణోగ్రత (అది దాటితే ఫెర్రో గుణం పోతుంది) 770 డిగ్రీల సెల్సియస్. జింక్ పని ప్రమేయం, అంటే దాన్నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావాల్సిన కనీస శక్తి, సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు. కాంతి శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చే 1240ని దాంతో భాగిస్తే 288 నానోమీటర్లు, అంటే ఎలక్ట్రాన్ బయటికి రావాలంటే అతినీలలోహితమే కావాలి. సైకాలజీకి నోట్స్ చాలు.

ప్రైవేట్ స్కూల్ ఉద్యోగం మానేసినప్పుడు చుట్టాలంతా పిచ్చన్నారు. ఫోన్ స్విచాఫ్ చేసి పొద్దున నాలుగింటికి లేచినవాడికే ఆ మాటల బరువు తెలుస్తుంది. మీరు రీల్స్ చూస్తూ సిలబస్ పెద్దదంటే ఏం లాభం? సరే, ఎక్కువ మాట్లాడుతున్నాను.

పైపు తిరిగి ఇవ్వబోతే భాయ్ తీసుకోలేదు. స్కూల్లో చేరిన రోజు బ్యాగులో ఉంది.