నీళ్ళు తీసే వేళకి

పిట్టల్ని చూడాలంటే తెల్లారకముందే బయల్దేరడం నాకు ఇన్నేళ్ళ అలవాటు. జనవరిలో కోరింగ వెళ్ళినప్పుడూ అదే చేశాను. కాకినాడలో పిన్ని ఇచ్చిన కాఫీ తాగి, యానాం రోడ్డు పట్టుకుని, ఎనిమిదయ్యేసరికి చొల్లంగి దాటి మడ అడవి అంచున నిలబడ్డాను. నల్లతల లకుముకి కోసం. రెండు గంటలు చూసినా ఒక్కటీ కనబడలేదు. కాలువ నిండుగా ఉంది, మడ చెట్ల మొదళ్ళు కూడా నీళ్ళలోనే ఉన్నాయి.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను.

“బాబాయ్, నల్ల తలకాయ, ఎర్ర ముక్కు ఉండే లకుముకి ఇక్కడ తిరుగుతుందా?”

“ఎందుకు తిరగదండీ! ఇప్పుడు పోటు మీదుంది. నీళ్ళు తీశాక రావాలి. బురద తేలితే పీతలు పైకొస్తాయి, పీతలొస్తే పిట్ట దిగుతుంది. రేపు మూడు దాటాక బాగా తీసేస్తాయండి.”

“మీ పడవలో తీసుకెళ్తారా?”

“ఆయ్, రండి.”

సముద్రం రోజుకి రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంటే ఈ పిట్టకి భోజనం వేళ కూడా రోజూ మారుతుంది. పుస్తకాల్లో ఆటుపోట్ల గురించి చదివాను కానీ, పిట్టల్ని వెతకడానికి వెళ్తూ పోటు ఎప్పుడో కనుక్కోవాలని ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు రెండింటికి పడవెక్కాం. ఇది 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమి పాయలు సముద్రంలో కలిసేచోట, చిన్న చిన్న కాలువలు ఒకదాన్నుంచి ఒకటి చీలుతూ పోతుంటాయి. నీళ్ళు తగ్గేకొద్దీ రెండు పక్కలా బురద మెరుస్తూ పైకి తేలింది. అందులోంచి మడ చెట్ల శ్వాసవేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ పొడుచుకొచ్చాయి. వాటి మధ్య కన్నాల్లోంచి బొటనవేలంత పీతలు బయటికొచ్చాయి. మగ పీతకి ఒక డెక్క చిన్నది, ఇంకోటి ఒంటికి మించినంత పెద్దది. ఆ పెద్ద డెక్కని ఎవర్నో పిలుస్తున్నట్టు పైకీ కిందకీ ఊపుతోంది.

బాబాయ్ గెడ ఆపి చేత్తో చూపించాడు. వల కోసం పాతిన వెదురు కర్ర మీద కూర్చుని ఉంది.

మన ఊళ్ళలో కరెంటు తీగల మీద కనిపించే లకుముకి కాదిది. దాని తల గోధుమరంగు. దీని తల నిగనిగలాడే నలుపు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. వీపు ముదురు నీలం, ఎండ పడితే కాస్త ఊదా కలిసినట్టుంటుంది. పొట్ట పండిన బొప్పాయి రంగు. ముక్కు మాత్రం అచ్చం మిరపపండే. చాలాసేపు కదల్లేదు, తల వంచి కిందికే చూస్తోంది. ఉన్నట్టుండి బురద మీదికి దిగి, పీతని పట్టుకుని మళ్ళీ కర్ర ఎక్కేసింది. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చలు తళుక్కుమన్నాయి. పీతని కర్రకేసి ఆ పక్కా ఈ పక్కా బాదింది. ఒక కాలు ఊడి నీళ్ళలో పడింది. ఇంకోసారి బాది, తల పైకెత్తి మింగేసింది. అరగంటలో ఇలా మూడు తిన్నది. చేపలూ, కప్పలూ, పెద్ద పురుగులూ తింటుందట కానీ ఆ రోజు నేను చూసింది పీతల్నే.

పీత పెంకు అరగదు. లకుముకి జాతి పిట్టలన్నీ అరగని పెంకుల్నీ ముళ్ళనీ ఉండలా చేసి కక్కేస్తాయి. తిరిగొచ్చేటప్పుడు అడవిలోని చెక్క వంతెన కమ్మీ మీద అలాంటి ఉండ ఒకటి దొరికింది. వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోయింది, లోపల గులాబీ రంగు పెంకు ముక్కలు.

ఈ నల్లతల లకుముకుల్లో చైనా, కొరియాల వైపు ఏటిగట్టుల్లో బొరియ తవ్వుకుని పిల్లల్ని చేసేవి చలి ముదిరేలోగా దక్షిణానికి వచ్చేస్తాయి. నేను చూసిన పిట్ట ఎక్కడ పుట్టిందో దాన్ని చూసి చెప్పలేం. ఎక్కడిదైనా దానికి ఇక్కడ కావాల్సింది రెండే: కూర్చోవడానికి ఒక కర్ర, పోటుకి మునిగి ఆటుకి తేలే బురద. రోడ్డు పొడవునా రొయ్యల చెరువుల గట్లు చూసినప్పుడు నాకు గుండె బరువెక్కేది అందుకే. చెరువులో నీళ్ళు ఆటుకి తగ్గవు. బురద తేలని చోట ఈ పీతలకి చోటేది?

కాసేపటికి కాలువలో తేలుతున్న ఆకులు ఆగి, వెనక్కి తిరిగాయి. పోటు మొదలైంది. పీతలు కన్నాల్లోకి పోయాయి. పిట్ట కికికికి మని అరుచుకుంటూ తిల్ల చెట్ల లోపలికి ఎగిరిపోయింది. బాబాయ్ పడవ తిప్పాడు.

“రేపు ఎన్నింటికి బాబాయ్?”

“నాలుగు దాటుద్దండి.”

పిన్నికి ఫోన్ చేసి ఇంకో రోజు ఉంటానని చెప్పాను.