శనివారం, ప్లేట్ దగ్గర ఒక ఆట, బేస్‌ల దగ్గర ఒక ఆట

మే నెల, శనివారం రాత్రి.

ఈరోజు నేను అంపైర్‌గా నిలబడ్డవి రెండు ఆటలు, లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్‌లో మేజర్స్ స్థాయివి. మేజర్స్ అంటే తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు, పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే పలక నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కి 46 అడుగులు, ఆరు ఇన్నింగ్స్. పెద్దవాళ్ళ మైదానంలో బేస్‌ల మధ్య దూరం 90 అడుగులు. మైదానం చిన్నదైతే అంపైర్ పని తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దూరం తగ్గిన కొద్దీ బంతి, రన్నర్ ఒకేసారి వచ్చి పడతారు, చూసి తేల్చుకునే వ్యవధి తగ్గిపోతుంది. పిల్లల ఆటల్లో తప్పు కాల్స్ (తీర్పులు) ఎక్కువగా చూపు సరిగా లేక రావు. నిలబడకూడని చోట నిలబడటం వల్ల, బంతి పని పూర్తవకముందే నోరు తెరవడం వల్ల వస్తాయి. ఈరోజు రెండు ఆటల్లోనూ తిరిగి తిరిగి కనిపించింది ఇదే.

ఆట తొమ్మిదింటికైతే ఎనిమిదింపావుకల్లా మైదానంలో ఉండాలి. ప్లేట్ అంపైర్ (హోమ్ ప్లేట్ వెనక నిలబడేవాడు) తయారవడానికి ఒక వరస ఉంది: ముందు తొడల మధ్య దెబ్బ తగలకుండా పెట్టుకునే కప్పు, తర్వాత షిన్ గార్డులు, వాటి మీద వెడల్పు కాళ్ళ బూడిదరంగు ప్యాంటు, ముందుభాగం గట్టిగా ఉండే ప్లేట్ బూట్లు, ఛాతీ కవచం, పైన చొక్కా. షిన్ గార్డుల కొక్కేలు బయటివైపే ఉండాలి. లోపలివైపు పెట్టుకుంటే నడుస్తుంటే రెండు కాళ్ళవీ ఒకదానికొకటి తగులుకుని పడేస్తాయి. నడుముకి బంతుల సంచి, అందులో ప్లేట్ తుడిచే చిన్న బ్రష్. ఎడమచేతిలో క్లిక్కర్: బాల్స్ (బ్యాటర్ కొట్టదగ్గ చోటు తప్పిన బంతులు), స్ట్రైక్స్ (ఆ చోట పడ్డవి, ఊపి తప్పినవి), ఔట్లు, ఇన్నింగ్స్‌కి తలో చక్రం. ఎండాకాలంలో ఛాతీ కవచం వదులైపోతుంది. మెడ కింది ఎముక బయటికి కనిపిస్తోందేమో అద్దంలో కాకుండా వంగి చూసుకోవాలి, ఎందుకంటే దెబ్బ తగిలేది వంగినప్పుడే.

మైదానం చూడటానికి పది నిమిషాలు చాలు. పిచర్ కాలు దిగే చోట గుంత పడిందా, బేస్‌లు గట్టిగా లాగితే ఊడి వస్తున్నాయా. ఊడి రావడం లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. పిల్లవాడు జారుకుంటూ వచ్చి కాలు తన్నినప్పుడు బేస్ కదలకపోతే చీలమండ విరుగుతుంది. కిందటి రాత్రి వాన పడితే బురద గట్టిపడి బేస్ బిగుసుకుపోతుంది. ఈ ఉదయం రెండో బేస్ అలాగే ఉంది, పార తెప్పించి వదులు చేయించాం.

తర్వాత సామాను. హెల్మెట్లలో పగుళ్ళు, భద్రతా ముద్ర. క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) మాస్క్‌కి కింద వేలాడే గొంతు రక్షణ తప్పనిసరి. మాస్క్‌లోనే గొంతు కప్పేంత పొడుగు ఉంది కదా అంటే ఒప్పుకోకూడదు, వేలాడేది విడిగా ఉండాల్సిందే. బ్యాట్‌ల దగ్గరే అసలు పేచీ. 2018 జనవరి 1 నుంచి లిటిల్ లీగ్‌లో లోహం, కాంపోజిట్ బ్యాట్‌లకి యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉండాలి, లావు 2⅝ అంగుళాలు మించకూడదు, మేజర్స్‌లో పొడవు 33 అంగుళాలు దాటకూడదు. ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌ల పిల్లల దగ్గర యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ అనే వేరే సంస్థ ముద్ర ఉన్న బ్యాట్‌లుంటాయి, అవి ఇక్కడ పనికిరావు. ఖరీదైన బ్యాట్ పక్కన పెట్టమంటే తల్లిదండ్రులకి కష్టంగానే ఉంటుంది. అందుకే ఆ పని ఆట మొదలవకముందే, కోచ్ ఎదుటే చేసెయ్యాలి. అదే బ్యాట్‌తో పిల్లవాడు రెండు పరుగులు తెప్పించాక బయటపడితే గొడవ పదింతలు.

ప్లేట్ దగ్గర మీటింగ్ మూడు నిమిషాలు. లైనప్ కార్డులు తీసుకోవడం, పేర్లూ నంబర్లూ సరిచూడటం, కంచె కింద బంతి దూరితే ఏమిటి, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోకి పోతే ఏమిటి అని తేల్చుకోవడం. ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక స్ట్రైక్ జోన్, అంటే బంతి దాటితే స్ట్రైక్ అయ్యే చోటు. లిటిల్ లీగ్‌లో చంకల నుంచి మోకాళ్ళ పైభాగం వరకు, బ్యాటర్ మామూలుగా నిలబడ్డ ఎత్తుని బట్టి. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బంతి అడ్డంగా మూడు అంగుళాలకి కాస్త తక్కువ, దాని అంచు ప్లేట్ అంచుని తాకితే చాలు. అంటే రెండువైపులా ఒక్కో బంతి కలుపుకుంటే దాదాపు 23 అంగుళాల దారి. కొత్త అంపైర్లు ఈ లెక్క మర్చిపోయి జోన్ ఇరుకు చేస్తారు. పిల్లల ఆటలో ఇరుకు జోన్ అంటే వరసగా నడకలు (నాలుగు బాల్స్‌కి బ్యాటర్‌కి ఊరికే వచ్చే మొదటి బేస్), ఎవరూ బ్యాట్ ఊపరు, ఇన్నింగ్స్ అరగంట సాగుతుంది, పిచర్ చెయ్యి అరిగిపోతుంది. నియమం ఇచ్చినంత మేరా స్ట్రైక్ ఇవ్వడం పిల్లలకి చేసే మేలు.

నిలబడే చోటు గురించి ఎంత చెప్పినా తక్కువే. కుడిచేతి బ్యాటర్ అయితే క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య సందులో, క్యాచర్ ఎడమ భుజం మీదుగా చూడాలి. ఎడమ కాలు ముందు, కుడి కాలి వేళ్ళు ఎడమ మడమకి సూటిగా. గడ్డం క్యాచర్ తల పైభాగం ఎత్తులో. ఎడమ చెయ్యి నడుముకి అడ్డంగా, కుడి చెయ్యి కాలి వెనక దాగి ఉండాలి, లేకపోతే బ్యాట్ అంచుకి తగిలి వెనక్కొచ్చే ఫౌల్ బంతికి వేళ్ళు విరుగుతాయి. నాలుగో ఇన్నింగ్స్‌కి తొడలు లాగుతాయి, తెలియకుండానే నడుం వంగి తల కిందికి జారుతుంది. తల జారితే జోన్ కూడా జారుతుంది: మొదటి ఇన్నింగ్స్‌లో బాల్ అన్నది ఐదో ఇన్నింగ్స్‌లో స్ట్రైక్ అయిపోతుంది, ఎందుకో అంపైర్‌కే అర్థం కాదు. రెండు బంతుల మధ్య ప్రతిసారీ పూర్తిగా లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడమే దీనికి మందు.

తల కదపకుండా, కళ్ళతోనే బంతిని పిచర్ చేతి నుంచి క్యాచర్ మిట్ (గ్లవ్) దాకా వెంబడించాలి. మిట్‌లో పడ్డాక ఒక లిప్తపాటు ఆగాలి. అప్పుడు చెప్పాలి. పిల్లల బంతి నెమ్మదిగా వస్తుంది, ప్లేట్ దాటేటప్పుడు కిందికి దిగుతూ ఉంటుంది. మోకాలి ఎత్తులో ప్లేట్ దాటిన బంతిని క్యాచర్ మట్టిలోంచి ఎత్తుకుంటాడు. పట్టుకున్న చోటుని చూసి బాల్ అనేవాళ్ళు కొందరు, మిట్ పైకి లాగితే నమ్మి స్ట్రైక్ అనేవాళ్ళు కొందరు. తేల్చాల్సింది ప్లేట్ మీద. కానీ నేలకి తగిలి లేచిన బంతి జోన్‌లోంచి పోయినా స్ట్రైక్ కాదు. బ్యాటర్ దాన్ని కొట్టొచ్చు. అది అతనికి తగిలితే మొదటి బేస్ ఇవ్వాలి.

మొదటి ఆట మూడో ఇన్నింగ్స్‌లో వచ్చింది చూడాల్సిన ఘట్టం. ఇద్దరు ఔట్, బేస్‌లు మూడూ నిండుగా ఉన్నాయి. బ్యాటర్ మూడో స్ట్రైక్‌కి ఊపాడు, తగల్లేదు, బంతి క్యాచర్ చేతిలోంచి జారి ప్లేట్ ముందు అడుగు దూరంలో పడింది. మూడు స్ట్రైక్‌లకి బ్యాటర్ ఔట్, కానీ మేజర్స్‌లో ఆ మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ పట్టకపోతే, మొదటి బేస్ ఖాళీగా ఉన్నా, లేక ఇద్దరు ఔటై ఉన్నా బ్యాటర్ పరిగెత్తొచ్చు. “స్ట్రైక్ త్రీ” అని చెప్పి, వెంటనే “నో క్యాచ్” అని చేతులు సేఫ్ (ఔట్ కాదు) సైగలా చాపాలి. ఆ రెండో ముక్క మింగేస్తే ఫీల్డింగ్ టీమ్ డగౌట్‌కి బయలుదేరుతుంది, రన్నర్లు తిరుగుతూ ఉంటారు. ఇక్కడ క్యాచర్ చెయ్యాల్సిందల్లా బంతి తీసుకుని హోమ్ ప్లేట్ తొక్కడం. బ్యాటర్ పరుగు మొదలవడంతో మూడో బేస్ రన్నర్ హోమ్ ప్లేట్‌కి రాక తప్పదు, కాబట్టి అది ఫోర్స్ ఔట్ (రన్నర్‌ని తాకక్కర్లేదు, ప్లేట్ తొక్కితే చాలు). ఆ పిల్లవాడు మొదటి బేస్‌కి విసిరాడు, బంతి రైట్ ఫీల్డ్‌లోకి పోయింది, రెండు పరుగులొచ్చాయి. ఆ సమయంలో అంపైర్ ప్లేట్‌కి అతుక్కుపోకుండా రెండడుగులు వెనక్కి తగ్గి, ప్లేట్ తొక్కారా లేదా కనిపించే కోణంలో ఉండాలి.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై మరొకటి. మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లు ఉండాలి, లేదా మూడూ నిండి ఉండాలి. ఔట్లు రెండు కాకూడదు. లైన్ డ్రైవ్ (సూటిగా దూసుకెళ్ళేది), బంట్ (బ్యాట్ ఊపకుండా తాకించేది) కాకుండా పైకి లేచిన బంతిని ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గరుండే ఫీల్డర్) మామూలు ప్రయత్నంతో పట్టగలిగితే బ్యాటర్ అప్పటికప్పుడే ఔట్. ఫీల్డర్ కావాలని వదిలేసి ఇద్దరిని ఔట్ చెయ్యకుండా ఈ నియమం పెట్టారు. చిక్కంతా “మామూలు ప్రయత్నం” దగ్గరే. టీవీలో చూసే ఆటగాడికి మామూలైంది తొమ్మిదేళ్ళవాడికి మామూలు కాదు. బంతి ఎత్తుకి చేరి దిగడం మొదలయ్యేదాకా ఆగి, ఫీల్డర్ కాళ్ళు చూడాలి. కుదురుగా కింద నిలబడ్డాడా, ఇంకా వెనక్కి తడబడుతున్నాడా? నిలబడితే వేలు పైకెత్తి గట్టిగా చెప్పాలి. పక్క గీత దగ్గరైతే “ఫెయిర్ అయితే” (గీత లోపల పడితే) అన్న మాట కలపాలి. ఇద్దరు అంపైర్లూ బ్యాటర్ రాకముందే టోపీ అంచు తాకి ఒకరికొకరు గుర్తు చేసుకుంటే ఏ ఒక్కరూ మర్చిపోరు.

ఐదో ఇన్నింగ్స్‌లో ఒక కోచ్ క్యాచర్‌ని పిచర్‌గా తెచ్చాడు. నాలుగు ఇన్నింగ్స్ క్యాచర్‌గా చేసినవాడు ఆ రోజు పిచ్ చెయ్యకూడదు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతికి కూర్చున్నా ఆ ఇన్నింగ్స్ లెక్కే. స్కోరర్ పుస్తకం చూపించగానే కోచ్ మరో పిల్లవాణ్ణి పంపాడు. పిచర్ వేసే బంతులకీ పరిమితి ఉంది: 11, 12 ఏళ్ళవాళ్ళకి రోజుకి 85 బంతులు, 9, 10 ఏళ్ళవాళ్ళకి 75. బ్యాటర్ మధ్యలో పరిమితి వస్తే ఆ బ్యాటర్ అయ్యేదాకా వెయ్యొచ్చు. 66, అంతకన్నా ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఇవి కాగితం మీది అంకెలు కావు, ఎదిగే మోచేతిని కాపాడే గీతలు. వీటి దగ్గర మొహమాటం పనికిరాదు.

రెండో ఆట బేస్‌ల దగ్గర. ఈ వయసులో బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు, అందుకే బేస్ అంపైర్ ఇన్‌ఫీల్డర్ల వెనక నిలబడొచ్చు. రన్నర్ ముందే కదిలితే వెంటనే గుర్తుగా జేబులోని గుడ్డ కింద పడెయ్యాలి, ఆట ఆపకూడదు. బంతి బ్యాట్‌కి తగలకుండా రన్నర్ తర్వాతి బేస్‌కి సేఫ్‌గా చేరితే వెనక్కి పంపాలి. ఔటైతే ఆ ఔట్ నిలుస్తుంది.

మొదటి బేస్ దగ్గర తేల్చడానికి బంతి వచ్చే దారికి అడ్డంగా, కాస్త దూరంలో ఆగి నిలబడాలి. పరిగెడుతూ చూస్తే కళ్ళు అదురుతాయి. చూపు బేస్ మీద, చెవి గ్లవ్ మీద. కాలు ముందా, చప్పుడు ముందా. చప్పుడు ముందైనా వెంటనే ఔట్ అనకూడదు, గ్లవ్‌లో బంతి నిలిచిందో లేదో, ఫీల్డర్ పాదం బేస్ మీదే ఉందో లేదో చూసి అప్పుడు పిడికిలి ఎత్తాలి. పిల్లల ఆటలో పాదం లేచిపోవడం చాలా మామూలు.

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల టీమ్‌లలో మన తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. ఇన్నింగ్స్ మధ్యలో కంచె అవతలి నుంచి ఒక తండ్రి, “ఏవండీ, టై అయితే రన్నర్‌కే కదండీ?” అన్నారు. అలాగని రూల్ పుస్తకంలో ఎక్కడా రాసి లేదండీ, ఏదో ఒకటి ముందుంటుంది, అది చూడటమే మా పని అని చెప్పాను. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది: అక్కడ అప్పీల్ చెయ్యకపోతే ఔట్ ఇవ్వరు, ఇక్కడ అడక్కుండానే చెప్పాలి. కానీ బేస్ తొక్కకుండా పోయినా, క్యాచ్ పట్టకముందే రన్నర్ బేస్ వదిలినా ఫీల్డింగ్ టీమ్ అడిగేదాకా అంపైర్ నోరు మెదపకూడదు. చూసి కూడా చెప్పలేదేమని తల్లిదండ్రులు కోప్పడేది ఇలాంటప్పుడే.

కోచ్ వాదనకి వస్తే ముందు వినాలి. సేఫ్, ఔట్, బాల్, స్ట్రైక్ లాంటివి అంపైర్ తీర్పు, అవి మారవు. నియమం తప్పుగా అమలైందంటే మాత్రం తర్వాతి బంతి పడకముందే ప్రొటెస్ట్ చెప్పే హక్కు కోచ్‌కి ఉంది, అప్పుడు ఇద్దరు అంపైర్లూ పక్కకి వెళ్ళి మాట్లాడుకోవాలి. జవాబు ఒక్కసారి, తక్కువ మాటల్లో. పిల్లల ముందు గొంతు పెంచిన అంపైర్‌కి ఆ రోజంతా ఆట చేతిలో ఉండదు.

ఐదో ఇన్నింగ్స్ ముగియగానే ఉరుము. అందరూ మైదానం వదలాలి, చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు లెక్క, మధ్యలో మరోటి వినిపిస్తే మళ్ళీ సున్నా నుంచి. అల్యూమినియం బెంచీలున్న, పైకప్పు మాత్రమే ఉన్న డగౌట్ ఆశ్రయం కాదు, కార్లలోకి పంపాలి. ఇరవయ్యో నిమిషంలో మళ్ళీ ఉరిమింది, ఆట ముగించాం. నాలుగు ఇన్నింగ్స్ నిండాయి కాబట్టి ఫలితం చెల్లుతుంది. హోమ్ టీమ్ (ప్రతి ఇన్నింగ్స్‌లో రెండోది బ్యాటింగ్ చేసేది) ముందుంటే మూడున్నరకే చెల్లేది.

సంచి తడిగా మూసిపెడితే పట్టీలు కుళ్ళి తెగుతాయి, అందుకని అన్నీ గరాజ్‌లో ఆరేశాను. రేపటి ఆట 50/70 మైదానంలో: పిచింగ్ 50 అడుగులు, బేస్‌ల మధ్య 70. అక్కడ రన్నర్లు లీడ్ తీసుకోవచ్చు (బంతి విసరకముందే బేస్ వదిలి ముందుకి జరగొచ్చు), బాక్ (పిచర్ నియమం తప్పి కదలడం) కూడా ఉంటుంది. రన్నర్ ఉన్నప్పుడు బేస్ అంపైర్ ఇన్‌ఫీల్డ్ లోపలే నిలబడాలి, పిచర్ మడమ కదలికే చూస్తూ ఉండాలి. ఆట ఒంటిగంటకి, మైదానం చూడాలంటే పన్నెండింపావుకి చేరాలి.