అమ్మాయి మోకాలు, ఇంటిల్లిపాది సలహాలు

అమెరికాలో సర్జన్ మా అమ్మాయిని మొదట అడిగింది "ఏ పొజిషన్ ఆడతావు?" అని. వైజాగ్‌లో మా అమ్మ మొదట అడిగింది "కింద కూర్చోగలదా?" అని. మా అమ్మాయికి తెగిపోయింది ఏసీఎల్, అంటే మోకాలిలో ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ అనే పట్టీ. దాని స్థానంలో పెట్టే ముక్కని, అంటే గ్రాఫ్ట్‌ని ఒంట్లో ఎక్కణ్నుంచి తీయాలో తేల్చుకోవాల్సిన వేసవి అది. అమ్మ ప్రశ్న కూడా వైద్యానికి సంబంధించిందేనని నాకు తర్వాత తెలిసింది.

మా పిల్లకి పదహారేళ్లు. స్కూల్ సాకర్ టీమ్‌లో మిడ్‌ఫీల్డ్. ఎవరూ గుద్దలేదు, తన్నలేదు. బంతి కోసం గబుక్కున పక్కకి తిరిగింది, పాదం నేల మీదే ఉండిపోయింది, పై ఒళ్లు తిరిగిపోయింది. లోపల 'టప్'మని వినిపించిందట. ఏసీఎల్ ఎక్కువగా తెగేది ఇలాగే, ఎదుటివాళ్ల దెబ్బ లేకుండా. అందులోనూ అబ్బాయిల కంటే అమ్మాయిలకి ఎక్కువ. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాచడం వచ్చి, తొడ కండలో బలం పుంజుకునేదాకా ఆపరేషన్ వద్దన్నారు. ఎలాగూ ఆగాలి కదా అని, తమ్ముడి పెళ్లికి ముందే కొన్న టికెట్లు క్యాన్సిల్ చేయకుండా, సర్జన్‌ని అడిగి, వ్యాయామాల కాగితం పట్టుకుని వచ్చేశాం.

ఎంవీపీ కాలనీలో పెళ్లివారిల్లు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పిల్ల హాల్లో ఫ్యాన్ కింద చాప మీద పడుకుని, మడమ కింద తువ్వాలు చుట్టపెట్టుకుని, మోకాలిని నేలకి నొక్కి పట్టి పది లెక్కపెట్టేది. చుట్టూ కూర్చున్న పిల్లలు కావాలనే ఏడు దగ్గర తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్లు. వచ్చిన ప్రతివాళ్లూ ఆ కాలు చూసి ఒక సలహా ఇచ్చి వెళ్లేవారు. నల్లేరు పచ్చడి తినిపించమని ఒకరు, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమని ఇంకొకరు, మేకకాళ్ల సూప్ పట్టమని మరొకరు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి కట్టేది. ఏసీఎల్ సంగతి వేరు. కీలు మధ్యలో, కీలు ద్రవంలో మునిగి ఉండే లిగమెంట్ అది. తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు కాబట్టి మామూలుగా దానంతటది అతుక్కోదు.

"పంత్‌ని చూడండర్రా" అని మా తమ్ముడు ధైర్యం చెప్పేవాడు. క్రికెటర్ రిషభ్ పంత్‌కి 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదం, ఆ తర్వాత మోకాలి లిగమెంట్లకి ఆపరేషన్. 2024 మార్చి 31న మన పీఎం పాలెం స్టేడియంలోనే చెన్నై మీద హాఫ్ సెంచరీ. ఆ రోజు వీడు స్టాండ్స్‌లో ఉన్నాడు, గొంతు పోయేలా అరిచాడట. మా అమ్మాయి మాత్రం ఆ తేదీల మధ్య నెలలు లెక్కపెట్టి నీరసపడిపోయింది.

ఒక సాయంత్రం మా పిన్ని, పిల్ల పక్కనే కూర్చుని, "పాపం ఆడపిల్ల, మోకాలి మీద అంత గాటు. రేపు సంబంధాలు చూసేటప్పుడు..." అని మొదలుపెట్టింది. ఇది ఇయర్‌ఫోన్ తీసి, "చిన్నమ్మమ్మా, నాకు తెలుగు వచ్చు" అంది. అమెరికాలో పుట్టిన పిల్లల ఎదుట మనవాళ్లు ఎందుకో మూగవాళ్ల ఎదుట మాట్లాడినట్టే మాట్లాడతారు.

అసలు చర్చ పెద్దమ్మ కొడుకు వచ్చాక జరిగింది. అన్నయ్య ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన ఆర్థోపెడిక్ డాక్టరు. భోజనాలయ్యాక మేనకోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, దాని కాలి మీదే వేలితో గీస్తూ చెప్పాడు.

మోకాలి చిప్పకీ కింది ఎముకకీ మధ్య ఉన్న గట్టి తాడులాంటి టెండాన్‌లో నడిమి మూడోవంతు, ఇంచుమించు 10 మిల్లీమీటర్ల వెడల్పున, రెండు కొసలా చిన్న ఎముక ముక్కలతో సహా తీయడం ఒక పద్ధతి. ఎముక ఎముకకే అతుక్కుంటుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గట్టిపడుతుంది. పరుగులూ మలుపులూ ఉన్న ఆటలాడే కుర్రవాళ్లకి చాలామంది సర్జన్లు దీన్నే ఎంచుకుంటారు. చిక్కల్లా మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి పెట్టడం. కొందరికి అది ఏళ్ల తరబడి ఉంటుంది.

తొడ వెనక హామ్‌స్ట్రింగ్ టెండాన్లు రెండు తీసి, మడిచి నాలుగు పేటలు చేయడం ఇంకోటి. గాటు చిన్నది, ముందు వైపు నొప్పి తక్కువ. కానీ కాలు బాగా మడిచినప్పుడు కావలసిన బలం కొంత తగ్గుతుంది. పైగా గ్రాఫ్ట్ 8 మిల్లీమీటర్ల కంటే సన్నగా వస్తే మళ్లీ తెగే అవకాశం ఎక్కువ, ఎంత మందం వస్తుందో ఖచ్చితంగా తెలిసేది ఆపరేషన్ బల్ల మీదే. మా పిల్ల నాలాగే పొట్టి, సన్నం. దీనికో విరుగుడు ఉందన్నాడు. తొడ బయటి పక్క నుంచి ఒక పట్టీ తీసి అదనంగా బిగిస్తారు. 25 ఏళ్లలోపు వాళ్ల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, అలా చేస్తే రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగినవాళ్లు 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గారట.

తొడ ముందున్న క్వాడ్ టెండాన్ మూడోది. మందంగా ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చోవడానికి అంత ఇబ్బంది పెట్టదు, తొడ బలం తిరిగి రావడమే ఆలస్యం. చీలమండ పక్క నుంచి తీసేది కూడా ఉంది. మన దగ్గర చాలామంది వాడుతున్నారు గానీ, సాకర్ ఆడే పిల్ల చీలమండ జోలికి తనైతే వెళ్లనన్నాడు.

"దాత నుంచి తీసుకునేది కూడా ఉంటుందటగా?" అన్నాను.

"దాతంటే? చచ్చిపోయినోళ్లదా? గుంట కాల్లోనా?" మా అమ్మ వక్కాకు పళ్లెం కింద పెట్టేసింది. కళ్లు దానం చేయమని సంతకం పెట్టినాయన్ని నేను, ఇదెంత అని నాన్న. అన్నయ్య కూడా వద్దనే అన్నాడు గానీ, కారణం అమ్మ చెప్పింది కాదు. ఈ వయసులో ఆటలాడేవాళ్లకి దాత టెండాన్ సొంత టెండాన్ కంటే చాలా ఎక్కువగా తెగుతుంది. అక్కడి సర్జన్ చెప్పిందీ అదే.

"ఇప్పుడు చెప్పండి, ఈ మోకాలితో ఏమేం పనులున్నాయి?" అన్నాడు.

"కూచిపూడి ఉంది" అన్నాను. ఆరేళ్లప్పట్నుంచీ నేర్చుకుంటోంది. వచ్చే వేసవిలో రంగప్రవేశం. అరమండి, మోకాళ్లు నేలకి ఆనించే అడుగులు, అన్నీ చెప్పాను.

"డాన్స్ లెక్కలో వేయొద్దు మావయ్యా. నేను రంగప్రవేశం చేయట్లేదు. దెబ్బ తగలకముందే అనుకున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల పాటు శనివారాలన్నీ కారులో తిప్పింది నేను. ఆ మాట నాతో అనకుండా పదిమందిలో అంటుందా? అన్నయ్య ఇవేవీ పట్టించుకోలేదు. "సాకర్ ఎన్నాళ్లు ఆడతావు?" అన్నాడు. "కాలేజీ అయ్యేవరకు." "ప్రార్థనకో, పనికో రోజూ మోకాళ్ల మీద కూర్చుంటావా?" "లేదు." నేను పక్కనున్నట్టే లేదు వాళ్లిద్దరికీ.

నేను క్వాడ్ వైపు వాదించడం మొదలుపెట్టాను. మందం, నొప్పి తక్కువ, కొత్త ఫలితాలు బాగున్నాయి. అది కాసేపు విని, "అమ్మా, నువ్వు డాన్స్ కోసమే క్వాడ్ అంటున్నావు" అంది. నిజమే. అయినా క్వాడ్ చెడ్డదేం కాదని నేను ఇప్పటికీ అంటాను.

అన్నయ్య మధ్యే మార్గం చూపించాడు. గ్రాఫ్ట్ ఎంత మంచిదైనా వేసే చేయి తిరిగినదై ఉండాలి. ఆ సర్జన్ ఏది ఎక్కువగా చేస్తారో అడగమన్నాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో అడిగితే, సాకర్ పిల్లలకి తాను ఎక్కువగా చేసేది చిప్ప కింది టెండానేనన్నారు. దీని ఎముకల ఎదుగుదల పూర్తయింది కాబట్టి ఎదుగుదల దెబ్బతింటుందన్న భయమూ లేదన్నారు. పదహారేళ్లే కాబట్టి సంతకం నాదే. ఎంపిక మాత్రం దానిది. చిప్ప కిందిదే అంది.

ఏ గ్రాఫ్ట్ అయినా ఆగడం తప్పదు. లోపల పెట్టిన టెండాన్‌కి మొదట రక్తప్రసారం ఉండదు, తీగకి వేసిన పందిరిలా నిలబడి ఉంటే కొత్త కణాలూ రక్తనాళాలూ దాని మీద అల్లుకోవాలి. మొదటి కొన్ని నెలల్లో, నొప్పి తగ్గి పిల్లలు హుషారెక్కే సమయానికే అది బాగా బలహీనంగా ఉంటుంది. 2016లో నార్వేవాళ్లు ప్రచురించిన లెక్క చూపించాడు అన్నయ్య: తొమ్మిది నెలల వరకు ఆట వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్లీ గాయమయ్యే రేటు సగానికి తగ్గింది. ఆ కాగితం ఫొటో తీసి కోచ్‌కి పంపాను. ఆయన తొందరపెడతాడని నా అనుమానం.

పెళ్లిలో కుర్చీ వేసుకుని కూర్చుంది, తలంబ్రాలప్పుడు మాత్రం లేచి నిలబడింది. అమ్మ నల్లేరు పొడి సీసా సూట్‌కేసులో పెట్టింది. సర్జన్‌ని అడక్కుండా ఏదీ వేయొద్దని అన్నయ్య, ఇదేం మందు కాదని అమ్మ, ఇంకా తేలలేదు. డాన్స్ టీచర్‌కి ఫోన్ చేసి చెప్పాల్సింది నువ్వేనని పిల్లతో అన్నాను. చెప్తానంది, ఆపరేషన్ అయ్యాక. ముందే చెప్పాలన్నాను, ఆవిడ ఇప్పటికే ఆడిటోరియం కోసం చూస్తున్నారు.