సీసా కంటే ముందు పాలపీక: పాపకి గ్యాస్ తగ్గించే బాటిల్ ఎంచుకోవడంలో నా అనుభవం

‘యాంటీ కోలిక్’ అని రాసి ఉంటే చాలు, అదే కడుపునొప్పి తగ్గిస్తుందనుకుని ముందు సీసాలే మారుస్తూ పోయాను. నిజానికి మొదట చూడాల్సింది పాలపీకలోంచి పాలు ఎంత వేగంగా వస్తున్నాయన్నది. తర్వాత సీసాలోకి గాలి ఏ దారిన వెళుతోందన్నది. ఆ తర్వాత పాలు కలిపే తీరు, పట్టే తీరు. సీసా ఆకారం, మెడ వెడల్పు, ధర అన్నీ వీటి వెనకే. ఈ వరసలో వెళ్లి ఉంటే నాకు నెల పట్టిన పని పది రోజుల్లో తేలేది.

మూడో వారంలో బరువు తక్కువగా పెరిగిందని పిల్లల డాక్టరు నా పాలతో పాటు రోజుకు మూడుసార్లు డబ్బాపాలు పట్టమన్నారు. బరువు కుదుటపడింది. కానీ అయిదో వారం నుంచి సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి పాప కాళ్లు పొట్టమీదికి ముడుచుకుని, ముఖం కందిపోయేలా ఏడవడం మొదలైంది.

సీసా మార్చేముందు డాక్టరుకి చూపించడం మాత్రం మానకండి. రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాల పాటు ఏడిస్తే కోలిక్ అని 1954లో అమెరికా పిల్లల డాక్టరు వెసెల్ ఒక లెక్క పెట్టారు. ఇప్పటికీ డాక్టర్లు మాటల్లో దాన్నే వాడతారు. ఆరో వారం దగ్గర ఏడుపు బాగా ఎక్కువై, 3, 4 నెలలకు దానంతటదే తగ్గుతుంది. ఇంకో సంగతి, పిల్లలు ఏడ్చేటప్పుడు కూడా గాలి మింగుతారు. కాబట్టి పొట్టలో గాలి ఏడుపుకి కారణమైనా కావచ్చు, ఏడుపు వల్ల వచ్చిందైనా కావచ్చు. ఆకుపచ్చగా వాంతి, మలంలో రక్తం, 3 నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, పొట్ట గట్టిగా ఉబ్బడం, పాలు తాగకపోవడం, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అది సీసాతో తేలే విషయం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గాలి లోపలికి ఎలా పోతుందో అర్థమైతే కొనే పని సగం తేలికవుతుంది. నూనె డబ్బాకి ఒక్కటే రంధ్రం చేసి వంచితే గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. పైన ఇంకో రంధ్రం చేస్తే సన్నగా, ఏకధారగా వస్తుంది. పాలసీసా కూడా అంతే. బిడ్డ పాలు పీల్చినకొద్దీ లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. దారి లేకపోతే పీక లోపలికి అతుక్కుపోతుంది. బిడ్డ ఇంకా గట్టిగా పీలుస్తుంది, విసిగి నోరు వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. అలా వదిలి పట్టుకున్న ప్రతిసారీ పెదాల పక్కనుంచి గాలి మింగుతుంది. దీనికి ఉల్టా ఇంకోటి ఉంది. పీక రంధ్రం పెద్దదైతే పాలు ధారగా వచ్చి, ఊపిరికీ గుటకకీ పొత్తు కుదరక, గబగబా మింగుతూ గాలి కూడా మింగేస్తుంది.

మా ఇంట్లో జరిగింది ఈ రెండోది. సాయంత్రం పూట 90 మి.లీ. పాలు 6 నిమిషాల్లో అయిపోయేవి. ‘ఎంత బాగా తాగుతోందో’ అని సంబరపడ్డాం. పెదవి మూలల్లోంచి పాలు కారడం, గుటక శబ్దం గదంతా వినిపించడం, కళ్లు పెద్దవి చేసి చేతివేళ్లు బిగుసుకునేలా చాచడం, మధ్యలో దగ్గడం, ఇవన్నీ పాలు మరీ వేగంగా వస్తున్నాయనడానికి గుర్తులు. పీక అంచు మీద చూస్తే 3+ అని ఉంది. మేం కొన్నది 250 మి.లీ. సీసా. పెద్ద సీసాలతో చాలాసార్లు పెద్ద పిల్లల పీకే వస్తుంది. అట్టపెట్టె మీద కాకుండా పీక మీదే ఉన్న అంకె చూడాలి.

పీకల సైజులకు అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఒకరు ఎస్ఎస్, ఎస్, ఎమ్, ఎల్ అంటారు, ఇంకొకరు 0+, 1+, 3+ అంటారు, మరొకరు 1, 2, 3 లెవెల్స్ అంటారు. ఒకరి 1, ఇంకొకరి 1 కంటే చాలా వేగంగా ఉండొచ్చు. అందుకే ఏ కంపెనీది కొన్నా అందులో అన్నిటికంటే నెమ్మదిదానితో మొదలుపెట్టండి. నెల నిండింది కదా అని 1+ కి మారాల్సిన పని లేదు. నెమ్మది పీకతో బిడ్డ 15 నుంచి 20 నిమిషాల్లో తృప్తిగా తాగుతుంటే అదే ఉంచాలి. అరగంట దాటుతున్నా, పీక పదే పదే అతుక్కుపోతున్నా, పీల్చి పీల్చి అలిసి నిద్రపోతున్నా అప్పుడు పై సైజు. మేం ఒక్క పీక మార్చగానే 90 మి.లీ. కి 18 నిమిషాలు పట్టింది. గుటక శబ్దం ఆ పూటే తగ్గింది.

సూది కాల్చి పీక రంధ్రం పెద్దది చేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి వద్దు. ఆ రంధ్రం ఎంత సైజో ఎవరికీ తెలియదు, అంచు చిరిగి ముక్క ఊడి గొంతులో పడొచ్చు కూడా.

ఇక గాలి దారి. నేను చూసినవి మూడు రకాలు. వాటి కంపెనీల పేర్లు రాయను. పాలసీసాల ప్రకటనలనే నిషేధించిన 1992 నాటి చట్టం మనకుంది, అది మంచి చట్టమే అని నా నమ్మకం. రకం తెలిస్తే ఎంచుకోవడం కష్టం కాదు.

మొదటిది, పీక అడుగు అంచులోనే చిన్న చీలికో కవాటమో ఉండే రకం. చవక, కడగడం తేలిక, ఎక్కువ ఇళ్లలో ఉండేది ఇదే. ఇందులో రెండు తప్పులు చేస్తాం. కారుతుందేమోనని రింగును బిర్రుగా బిగించేస్తాం, ఆ బిగువుకి చీలిక మూసుకుపోతుంది. ముందు కారకుండా బిగించి, తర్వాత రవ్వంత వదులు చేయాలి. పాలు పట్టేటప్పుడు సన్నని బుడగలు పైకి లేస్తుంటే గాలి దారి తెరుచుకున్నట్టు. రెండో తప్పు, కవాటం కిందికి ఉండేలా సీసా పట్టుకోవడం. అది బిడ్డ ముక్కువైపు, అంటే పైకి ఉండాలి. పౌడరు ఎండి చీలిక అతుక్కుంటుంది కాబట్టి ప్రతి పూటా బిగించే ముందు శుభ్రమైన వేళ్లతో ఒకసారి నొక్కి తెరవాలి.

రెండోది, లోపల గొట్టం ఉండే రకం. బయటి గాలి గొట్టం గుండా సీసా అడుగుకి, వంచినప్పుడు పాలపైన ఉండే ఖాళీలోకి పోతుంది. పాలలో బుడగలు దాదాపు రావు. పీక అతుక్కుపోదు. పని మాత్రం ఎక్కువ: సీసా, గొట్టం, దాని గిన్నెలాంటి పైభాగం, పీక, రింగు, మూత. గొట్టానికి విడిగా సన్న బ్రష్ ఉంటుంది, అది పోతే ఆ సీసా వాడకండి, లోపల పాలు పేరుకుంటాయి. గీత దాటి పాలు పోసినా, గొట్టం పెట్టి ఊపినా, గొట్టంతోనే వేడి చేసినా కారుతుంది. కారుతోందని పారేసే సీసాల్లో చాలావాటికి వచ్చిన తిప్పలు ఇవే. పాలు కలిపి, చల్లార్చి, చివర్లో గొట్టం పెట్టాలి.

మూడోది, అడుగున రంధ్రాలున్న సిలికాన్ బిళ్ళ బిగించే రకం. గాలి నేరుగా అడుగునుంచి వస్తుంది. బిళ్ళ కొంచెం వంకరగా కూర్చున్నా పాలన్నీ ఒళ్లో పోతాయి. పాలు పోసే ముందు కాచి చల్లార్చిన నీళ్లతో ఒకసారి పరీక్షిస్తే సరిపోతుంది.

మేం స్థిరపడింది రెండో రకం మీద, అదీ సాయంత్రం, రాత్రి పూటలకు మాత్రమే. పగటి పూటకి మొదటి రకమే చాలింది. ఖరీదైన సెట్టు ఒకేసారి కొనకుండా ఒక్కటే చిన్న సీసా, 120 మి.లీ. ది, కొని వారం వాడి చూడండి.

అంగట్లో ఐఎస్ఐ గుర్తు చూడాలి. ప్లాస్టిక్ పాలసీసాలకు ఐఎస్ 14625, గాజువాటికి ఐఎస్ 5168. ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో 5 అని ఉంటే పాలీప్రొపిలీన్. 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఈ ప్లాస్టిక్ సీసాల్లో వేడి నీళ్లు పోసి ఊపితే సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు పాలలోకి వస్తాయని, వేడి పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ వస్తాయని చూపించారు. అందుకే స్టీలు గిన్నెలో కలిపి, చల్లారాక సీసాలో పోసే పద్ధతికి మారాం. గ్యాస్ కి కూడా అదే మేలైంది.

ఎందుకంటే సీసా పట్టి గిలక్కాయలా ఊపితే పాలు నురగ కడతాయి. నురగంతా గాలే. నీళ్లు మరగకాచి, అరగంటలోపే, అంటే 70 డిగ్రీలకు తగ్గకముందే కొలిచి గిన్నెలో పోయాలి. పౌడరులో ఉండగల క్రిములు చావాలంటే ఆ వేడి కావాలి. ముందు నీళ్లు, తర్వాత పౌడరు. మా డబ్బా మీద 30 మి.లీ. నీళ్లకి ఒక స్కూపు అని ఉంది, మీ డబ్బా మీద ఉన్నదే మీరు పాటించండి. స్కూపును అదిమి నింపకుండా చాకు వెనకవైపుతో అంచు గీసి సమం చేయాలి. ఎక్కువేస్తే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. పలచన చేస్తే బరువు పెరగదు. చెంచాతో మెల్లగా కలిపి, గిన్నెను చల్లటి నీళ్లలో ఉంచితే 5 నిమిషాల్లో చల్లారుతుంది, నురగా అణుగుతుంది. మణికట్టు మీద చుక్క వేస్తే వేడి తెలియకూడదు. బిడ్డ నోరు పెట్టిన పాలు మిగిలితే పారబోయాలి. కలిపి బయట ఉంచిన పాలు 2 గంటలు దాటితే వాడకూడదు.

పట్టే తీరులో మేం మార్చింది రెండే. పాపని పడుకోబెట్టకుండా తల పొట్టకంటే బాగా ఎత్తుగా, దాదాపు కూర్చున్నట్టు పట్టుకోవడం, సీసాని నిలువుగా కాక ఇంచుమించు అడ్డంగా, పీకలో పాలు ఉండేంత మాత్రమే వంచడం. పది పన్నెండు గుటకలకోసారి సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. 30 మి.లీ. కోసారి భుజం మీద వేసుకుని త్రేన్పు తీయించాలి. రెండు మూడు నిమిషాల్లో రాకపోతే వదిలేయండి, రాని త్రేన్పు కోసం వీపు దబదబా తట్టి ఏడిపిస్తే మళ్లీ గాలే. తల తిప్పేసుకుంటే ఆ పూటకి చాలు. సీసాలో 20 మి.లీ. మిగిలిందని బలవంతంగా పట్టడం వల్లే సగం కక్కులు. పూర్తిగా డబ్బాపాలే తాగే బిడ్డకి రోజుకు కిలో బరువుకి సుమారు 150 మి.లీ. లెక్క. తల్లిపాలు కూడా తాగే బిడ్డకి అంత అక్కర్లేదు.

కడగడంలో బోరు నీళ్లు పెద్ద ఇబ్బంది. ఉప్పు నీళ్లలో రోజూ మరిగిస్తే గొట్టం లోపల, కవాటం చీలికలో తెల్లటి పొర కడుతుంది. దాంతో గాలి దారి మూసుకుపోయి, కొత్త సీసా నెలకే ‘పనిచేయడం మానేసింది’ అనిపిస్తుంది. ఫిల్టరు నీళ్లతో మరిగించండి. పొర కడితే వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, బాగా కడిగి, మళ్లీ మరిగించండి. భాగాలన్నీ విడదీసి, సబ్బు నీళ్లతో బ్రష్ చేశాకే మరిగించాలి. పాలజిడ్డు ఉండగా మరిగిస్తే అది గట్టిపడి పట్టేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఇంగువ నీళ్లు బొడ్డు చుట్టూ రాస్తామంటే, దిష్టి తీస్తామంటే నేను అడ్డు చెప్పలేదు. నోట్లోకి పోయేవాటికి మాత్రం ఒప్పుకోలేదు. వస, ఆముదం, తేనె, వాము నీళ్లు ఏవీ వద్దన్నారు డాక్టరు. ఏడాది లోపు బిడ్డకి తేనె ప్రాణాపాయం కూడా కావచ్చు. అందరూ వాడే గ్యాస్ చుక్కల మందు కోలిక్ ఏడుపుని తగ్గిస్తుందనడానికీ గట్టి రుజువు లేదు. డాక్టరు మొదట అడిగింది అసలు సీసా ఎందుకని. మన పాత ఉగ్గుగిన్నెకి గాలి దారీ అక్కర్లేదు, బ్రష్షులూ అక్కర్లేదు. గిన్నె మూతి బిడ్డ కింది పెదవికి ఆనించి కొద్దికొద్దిగా పోస్తే రోజుకు ఒకటి రెండు పూటలకు అదే మేలు. పగటి పూట మా అమ్మ ఉన్నప్పుడు దాంతోనే పట్టేది. రాత్రి నిద్రమత్తులో నాకు చేతకాలేదు, అందుకే సీసా.

ఒక్కోసారి ఒక్కటే మార్చి, నాలుగు రోజులు ఆగి, నోటుపుస్తకంలో రాసుకున్నాను: టైము, మి.లీ., పట్టిన నిమిషాలు, కక్కులు, సాయంత్రం ఏడుపు. పీక మార్చిన మూడో రోజుకి కక్కులు రోజుకు ఆరు నుంచి రెండుకి దిగాయి. గొట్టం సీసా, స్టీలు గిన్నె కలిపాక రాత్రి త్రేన్పులు తగ్గాయి. సాయంత్రం ఏడుపు మాత్రం రెండున్నర గంటల నుంచి గంటన్నరకి వచ్చి అక్కడే ఆగింది. పదమూడో వారంలో అది కూడా పోయింది, ఆ వారం నేను సీసాలో ఏదీ మార్చలేదు. ఇప్పుడు నాలుగో నెల. పీక ఇంకా ఆ నెమ్మదిదే, కాకపోతే కొరికి మెత్తబడితే అదే సైజు కొత్తది వేస్తున్నాను.