నెలకు ఒక షిల్లింగు

గత నెల మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాము. భోజనాలు అయ్యాక హాల్లో కూర్చుని ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకుంటుండగా, ఈ ఊరికి కొత్తగా వచ్చిన ఒక జంటకు మా మిత్రులొకరు సలహా ఇస్తూ, "వెస్ట్ ఫిలడెల్ఫియా వైపు మాత్రం పోకండి, అక్కడంతా నల్లవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో తండ్రి అన్నవాడే ఉండడు" అన్నారు. ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు. మా నాన్నగారు పోయినప్పుడు అర్ధరాత్రి నన్ను విమానం ఎక్కించినవారు. ఇంటికి వచ్చిన అతిథిని నొప్పించకూడదన్న మొహమాటంతో నేను తాంబూలాలు సర్దుకుంటూ ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్ళుగా ఈ నగరంలో ఉంటూ, ఆ పేటలోనే తొమ్మిదేళ్ళుగా క్షవరం చేయించుకుంటూ, ఇక్కడి నల్లజాతి పురుషులు తమ కుటుంబాలను నిలబెట్టుకోవడానికి ఎంత పాటుపడ్డారో చదివి, కొంత కళ్ళారా చూసి తెలుసుకున్న నేను ఆనాడు ఇవ్వవలసిన జవాబు ఇది.

ముందుగా అబ్సలమ్ జోన్స్ గురించి చెప్పాలి. ఆయన 1746లో డెలవేర్‌లో బానిసగా పుట్టారు. పదహారేళ్ళ వయసులో ఉండగా యజమాని ఆయన తల్లిని, తోబుట్టువులను అమ్మివేసి, ఆయనను ఒక్కడినే ఫిలడెల్ఫియాకు తీసుకువచ్చి తన దుకాణంలో పనికి పెట్టుకున్నాడు. 1770లో ఆయన మేరీ అనే యువతిని పెళ్ళి చేసుకున్నారు; ఆమె కూడా బానిసే. బానిసకు తన స్వేచ్ఛను తాను డబ్బిచ్చి కొనుక్కునే వీలు అప్పుడప్పుడు దొరికేది కనుక, ముందు ఎవరిని విడిపించుకోవాలన్న ప్రశ్న ఆ దంపతుల ముందుకు వచ్చింది. జోన్స్ ముందు భార్యను విడిపించారు. పుట్టే బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది ఆనాటి చట్టం తల్లి స్థితిని బట్టే తేల్చేది. తండ్రికి అందులో లెక్కే లేదు. అందుచేత తాను బానిసగానే ఉండిపోయినా ఫరవాలేదు, తన బిడ్డలు మాత్రం స్వతంత్రులుగా పుట్టాలని ఆయన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి దగ్గర విరాళాలు అడిగి, చాలకపోతే అప్పు చేసి, పగలు యజమాని చాకిరీ ముగించుకుని రాత్రి పన్నెండు, ఒంటిగంట దాకా సొంతంగా పనిచేసి ఆ అప్పు తీర్చారు. ఆయనకు విముక్తి లభించింది 1784లో. అంటే భార్య స్వతంత్రురాలుగా, భర్త బానిసగా వారు ఏళ్ళ తరబడి సంసారం చేశారన్నమాట. మా హాల్లో ఆ మాట విన్న క్షణాన నాకు మొదట గుర్తుకు వచ్చినవారు ఈయనే.

జోన్స్, ఆయన స్నేహితుడు రిచర్డ్ అలెన్, మరికొందరు కలిసి 1787 ఏప్రిల్ 12న ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే పరస్పర సహాయ సంఘాన్ని పెట్టుకున్నారు. అలెన్ కూడా బానిసగా పుట్టి, కష్టపడి సంపాదించిన సొమ్ముతో తనను తాను కొనుక్కున్నవారే. ఆ సంఘం నియమావళిని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒక్కొక్క సభ్యుడు నెలకు ఒక వెండి షిల్లింగు చందా కట్టాలి. ఏడాది గడిచాక, తన తప్పు వల్ల కాకుండా ఇబ్బందిలో పడిన సభ్యుడికి వారానికి మూడు షిల్లింగుల తొమ్మిది పెన్సులు ఇవ్వాలి. సభ్యుడు చనిపోతే అతని భార్యకు ఆ సహాయం అందుతూ ఉండాలి. ఉచిత పాఠశాలలో చోటు దొరకని పిల్లలకు చదువు ఖర్చు సంఘమే పెట్టుకోవాలి, అవసరమైతే వారిని తగిన చేతివృత్తిలో చేర్పించాలి. తాగుబోతులకు, క్రమం తప్పి నడిచేవారికి సభ్యత్వం లేదు. నెలవారీ సమావేశానికి రానివాడు, జబ్బు చేసి ఉంటే తప్ప, మూడు పెన్సుల జరిమానా కట్టాలి.

వీటన్నిటిలోకి నా మనసును పట్టుకున్న నియమం ఇంకొకటి. మూడు నెలలు చందా కట్టని సభ్యుడిని వెంటనే తొలగించేవారు కారు. ముందు ఇద్దరు సభ్యులు వెళ్ళి అతనికి ఆ సంగతి తెలియజేయాలి. తగిన కారణం కనబడకపోతే, వచ్చే సమావేశం నాటికి కూడా బాకీ తీర్చకపోతే, అప్పుడే తొలగించాలి. ఇద్దరు మనుషులు అలా వెళ్ళినప్పుడు అడిగేది చందా గురించే అయినా, వారి కంట పడేది ఆ ఇంటి పరిస్థితి అంతా. పొయ్యి వెలిగిందా, ఇల్లాలి ఒంట్లో ఎలా ఉంది, పిల్లవాడు బడికి పోతున్నాడా అన్నది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. నేను పెరిగిన ఊళ్ళో పొదుపు సంఘం అంటే ఆడవారి సంఘమే. మగవారు నెలనెలా ఒకచోట చేరి, ఒకరి సంసారం బాగోగులు మరొకరు చూసుకున్న సంఘం నేను అక్కడ ఎరుగను.

అదే ఏడాది వేసవిలో, అదే నగరంలో, అమెరికా రాజ్యాంగం తయారైంది. ప్రతినిధుల సంఖ్యను తేల్చే లెక్కలో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా చూడాలని ఆ పత్రం చెప్పింది. దానికి నాలుగడుగుల దూరంలోనే ఈ మనుషులు షిల్లింగు షిల్లింగు కూడబెట్టుకుంటూ, తమవారి విధవలకు, అనాథ పిల్లలకు తామే దిక్కుగా నిలిచారన్న సంగతి తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

1793లో ఎల్లో ఫీవర్ వచ్చింది. యాభై వేల జనాభా ఉన్న నగరంలో సుమారు 5,000 మంది చనిపోయారు. స్తోమత ఉన్నవారు ఊరు విడిచి పారిపోయారు. నల్లవారికి ఈ జ్వరం సోకదని నమ్మిన డాక్టర్ బెంజమిన్ రష్ సహాయం కోసం వారిని అభ్యర్థించాడు. ఆ నమ్మకం తప్పని తేలేలోపు ఎందరో నల్లవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. జోన్స్, అలెన్ మొదట అడుగుపెట్టిన ఇల్లు ఎంస్లీ సందులో ఉంది. లోపల ఒక మనిషి చావుబతుకుల మధ్య ఉన్నాడు. భార్య శవం అదే ఇంట్లో ఉంది. దగ్గర ఉన్నది ఇద్దరు పసిపిల్లలు మాత్రమే. చేతనైన సహాయం చేసి, ఆమెను పూడ్చిపెట్టే ఏర్పాటు చేయించి, ఆ ఒక్క రోజే వారు ఇరవైకి పైగా కుటుంబాలను చూశారు. వారాల తరబడి రోగులకు సేవ చేసి, శవాలను మోసినందుకు వారికి దక్కింది నింద. నల్లవారు ఎక్కువ డబ్బు గుంజారని, దొంగతనాలు చేశారని మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త రాశాడు. జోన్స్, అలెన్ 1794లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, వచ్చిన సొమ్ము, పెట్టిన ఖర్చు, తాము చేతినుంచి వేసుకున్నది అణాపైసలతో లెక్క చెప్పారు. నిందకు అంత నిబ్బరంగా, లెక్క అప్పజెప్పి ఇచ్చిన జవాబు నేను మరొకటి చదవలేదు.

సిక్స్త్, లాంబర్డ్ వీధుల కూడలిలో 1791లో అలెన్ కొన్న స్థలం ఈనాటికీ నల్లజాతి సమాజం చేతిలోనే ఉంది. ఒక పాత కమ్మరి కొలిమి షెడ్డును కొని, గుర్రాలతో అక్కడికి లాగించి, దాన్నే మొదటి ప్రార్థనామందిరంగా మలిచారు. అదే మదర్ బేతెల్ చర్చి. ఇప్పుడున్న రాతి కట్టడం తర్వాతి కాలానిది. దాని కింది అంతస్తులో అలెన్, ఆయన భార్య శారా సమాధి ఉంది. మా అబ్బాయిని అక్కడికి రెండుసార్లు తీసుకువెళ్ళాను. మన తెలుగువారు ఇక్కడికి వచ్చే బంధువులకు లిబర్టీ బెల్ అనే చారిత్రక గంటను చూపించి తిప్పి పంపేస్తారు. అక్కడినుంచి ఈ చర్చికి నడిచి వెళ్ళవచ్చు.

ఆ తర్వాతి తరంలో విలియం స్టిల్ కథ ఉంది. దక్షిణాది నుంచి తప్పించుకు వచ్చే బానిసలకు ఫిలడెల్ఫియాలో ఆశ్రయం ఇచ్చే పనిలో ఆయన ఉండేవారు. 1850లో ఒక రోజు ఆయన కార్యాలయానికి పీటర్ అనే నడివయసు మనిషి వచ్చి, నలభై ఏళ్ళ క్రితం తాను దూరమైన తల్లిదండ్రులను వెతుక్కుంటున్నానని చెప్పాడు. తండ్రి పేరు లెవిన్, తల్లి పేరు సిడ్నీ అన్నాడు. ఆ రెండు పేర్లు విన్న స్టిల్‌కు ఎదురుగా కూర్చున్నవాడు తాను పుట్టకముందే ఇంటికి దూరమైన సొంత అన్న అని అర్థమైంది. అటుపైన తన దగ్గరకు వచ్చిన ప్రతి మనిషి పేరు, మారుపేరు, వదిలి వచ్చిన భార్యాబిడ్డల పేర్లు, యజమాని ఊరు ఆయన ఎంతో శ్రద్ధగా రాసి దాచారు. ఆ కాగితాలు పట్టుబడితే ఎందరి ప్రాణాలకో ముప్పు. అయినా దాచారు, ఎప్పుడో ఒకప్పుడు ఒక అన్న తన తమ్ముడిని వెతుక్కుంటూ వస్తాడని. అంతర్యుద్ధం ముగిశాక, బేతెల్ సంప్రదాయానికి చెందిన క్రిస్టియన్ రికార్డర్ పత్రిక ఏళ్ళ తరబడి ఇలాంటి ప్రకటనలు అచ్చువేసింది. ఫలానా ఊళ్ళో అమ్ముడుపోయిన మా అమ్మ ఎక్కడుందో తెలిసినవారు చర్చిలో చదివి వినిపించండి అని. కుటుంబం మీద మమకారం లేని జాతి అలాంటి ప్రకటనలు ఇస్తుందా?

ఇరవయ్యో శతాబ్దపు సంఘాల గురించి రాయాలంటే ఈ పేజీ చాలదు. 1975లో ఇదే నగరంలో కొందరు నల్లజాతి పోలీసు అధికారులు, గ్యాంగుల్లో చేరుతున్న కుర్రవాళ్ళకు పెద్దదిక్కుగా ఉందామని, కన్‌సర్న్‌డ్ బ్లాక్ మెన్ అనే సంఘం పెట్టారు. అది తర్వాత ఇతర నగరాలకూ పాకింది. 1995 అక్టోబర్ 16న వాషింగ్టన్‌లో లక్షలాది నల్లజాతి పురుషులు ఒకచోట చేరి, కుటుంబానికి, పేటకు బాధ్యత వహిస్తామని ప్రమాణం చేసి వెళ్ళారు.

మా మిత్రుడి మాటలో నిజం లేదని నేను అనను. తల్లి ఒక్కతే పిల్లలను పెంచుతున్న ఇళ్ళు నల్లవారిలో ఎక్కువే. అయితే తండ్రిని ఆ ఇంటినుంచి దూరం చేసినవాటిలో ముందు బానిసల సంత ఉంది, తర్వాత పని దొరకని ఊళ్ళు ఉన్నాయి, ఆ తర్వాత జైళ్ళు ఉన్నాయి. పైగా ఇల్లు వేరైనంత మాత్రాన తండ్రి లేనట్టు కాదు. ఇక ఇంట్లో ఉన్న తండ్రుల సంగతికి వస్తే, అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య గణాంకాల కేంద్రం 2013లో ఒక నివేదిక ప్రచురించింది. అయిదేళ్ళ లోపు పిల్లలతో ఒకే ఇంట్లో ఉంటున్న తండ్రులలో, రోజూ బిడ్డకు స్నానం చేయించడం, బట్టలు తొడగడం, డైపర్ మార్చడం వంటి పనులు చేసేవారు నల్లవారిలో 70 శాతం, తెల్లవారిలో 60 శాతం, హిస్పానిక్ తండ్రులలో 45 శాతం. మన తెలుగు తండ్రులను ఆ ప్రశ్న అడిగితే ఏ అంకె వస్తుందోనని నాకు దిగులుగా ఉంటుంది.

నేను క్షవరానికి వెళ్ళే షాపులో నాలుగు కుర్చీలు ఉంటాయి. కిటికీ పక్కన అరలో దువ్వెనలు, పౌడరు డబ్బాలతో పాటు ఒక బీపీ మిషను ఉంటుంది. యాభై దాటిన మనిషి ఎవరు వచ్చినా, చేతికి పట్టీ చుట్టి అంకె చూడనిదే మా బార్బరు కత్తెర పట్టుకోడు. ఒక శనివారం నా ముందు కూర్చున్న పెద్దాయనకు 162 చూపించింది. "మాత్ర మానేశారా?" అని బార్బరు అడిగాడు. ఆయన మాట్లాడలేదు. బార్బరు కుర్చీని తన వైపు తిప్పుకుని, "నిరుడు మీ తమ్ముడిని మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నాడు, అంతే. పెద్దాయన జేబులోంచి ఫోను తీసి కూతురికి కలిపి, మందుల షాపుకు వెళ్ళాలని చెప్పాడు. బార్బరు షాపుకు ఉన్న ఈ బలాన్ని లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ రొనాల్డ్ విక్టర్ బృందం శాస్త్రీయంగా పరీక్షించింది. 52 బార్బరు షాపులు, 319 మంది నల్లజాతి పురుషులు. కొన్ని షాపులకు ఫార్మసిస్టులే వచ్చి అక్కడే మందు రాసిచ్చారు, మిగిలినచోట డాక్టరును చూడమని బార్బర్లు నచ్చజెప్పారు. ఆరు నెలలకు మొదటి వర్గంలో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, రెండో వర్గంలో 9 తగ్గింది. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి.

మా షాపులో బీపీ మిషను పక్కనే అట్ట చిరిగిన ఒక నోటుపుస్తకం కూడా ఉంటుంది. బడి విడిచే వేళ పిల్లలు క్షేమంగా రోడ్డు దాటి ఇళ్ళు చేరేదాకా మూల మీద నిలబడే మగవారి పేర్లు, వంతులు అందులో రాసుకుంటారు. వారిలో రిటైరైన బస్సు డ్రైవరు ఉన్నాడు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్ర మానుకుని వచ్చే ఆసుపత్రి ఉద్యోగి ఉన్నాడు, జైలు నుంచి వచ్చి పని వెతుక్కుంటున్నవాడూ ఉన్నాడు.

ఈ నెల మొదటి శనివారం మా మిత్రుడిని నాతో పాటు అక్కడికి తీసుకువెళ్ళాను. మేము ఇద్దరం బెంచీ మీద వంతు కోసం కూర్చుని ఉండగా, బార్బరు ఆ పుస్తకం తిరగేసి, ఒక పేరు మీద వేలు పెట్టి, ఇతను మూడు వారాలుగా రాలేదు, ఫోను కూడా ఎత్తడం లేదు అన్నాడు. షాపులో ఉన్నవారిలో ఇద్దరు లేచారు. ఒకాయనకు సగం గడ్డమే గీసి ఉంది. తువ్వాలుతో సబ్బు తుడుచుకుని, కోటు తొడుక్కుని, రెండోవాడితో కలిసి ఆ ఇంటికి బయలుదేరాడు.